కుప్ప కదలకపోతే బడినే కదిలించాం

ఎందుకు రాయాల్సి వచ్చింది

మా బడి గోడ పక్కన ఇప్పుడొక చిన్న పూలతోట ఉంది. దాని ముందు ఒక బోర్డు ఉంది. బోర్డు మీద కొందరి పేర్లు, పేర్లకంటే పెద్దగా ఫొటోలు ఉన్నాయి. వాళ్ల కృషి వల్లే చెత్తకుప్ప పోయి పూలు పూశాయని రాసి ఉంది. నేను రిటైరయ్యాక ఒకసారి అటుగా వెళ్తే, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరమ్మ ఒకామె ఆ బోర్డు చదివి, "పెద్దవాళ్లు దయతలిస్తే ఎంత మార్పు వస్తుందో చూడండి మేడం" అంది.

ఎవరూ దయతలచలేదు. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ కుప్ప పక్కన ముక్కు మూసుకోకుండా నిలబడలేదు. ఈ మాట ఆ అమ్మాయికి అక్కడే చెప్పాను. తను నవ్వి, నన్నొక కోపిష్టి ముసలమ్మగా లెక్కేసి లోపలికి వెళ్లిపోయింది. బోర్డు రంగు వెలిసేదాకా ఉంటుంది. నా నోటిమాట అంతకాలం ఉండదు. అందుకే రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. అవి అందరికీ వచ్చేవే.

నేను యూనివర్సిటీలో చదవలేదు. నల్గొండ దగ్గర పల్లెలో పదో తరగతి, తర్వాత ఇంటర్, టీచర్ ట్రైనింగ్. మిగతా చదువంతా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీదున్న శాఖా గ్రంథాలయంలో జరిగింది. చుట్టూ కోచింగ్ సెంటర్ల పిల్లలు పోటీ పరీక్షల పుస్తకాల కోసం కొట్లాడుకునేవాళ్లు. నాకు కావలసిన పుస్తకాలకు పోటీ ఉండేది కాదు. మట్టి గురించి, చెరువుల గురించి, పురపాలక చట్టాల గురించి ఎవరడుగుతారు? గ్రంథాలయం చూసుకునే రహీం సాబ్ వాటి మీద దుమ్ము దులిపి, "మీకోసం దాచిపెట్టనక్కరే లేదు మేడం, ఎవ్వడూ ఎత్కపోడు" అని చేతికిచ్చేవాడు. డిగ్రీలున్నవాళ్లు పరీక్ష అవగానే మూసేసిన పుస్తకాలను నేను ఏ పరీక్షా లేకుండా చదివాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

కిటికీలు మూసి చెప్పిన పాఠం

మా బడి ఎల్‌బీ నగర్‌లో షేర్ ఆటో ఎక్కి అల్మాస్‌గూడ వైపు పోతే, కాలనీలు మొదలయ్యేచోట ఉంటుంది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. మా పిల్లల అమ్మానాన్నలు చాలామంది నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు: తాపీమేస్త్రీలు, ఆటో డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. మాకు ఎదురుగా, రెండు వీధుల అవతల, కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల కాలనీ. అక్కడ పార్కు ఉంది, గేటు ఉంది, సంక్షేమ సంఘం ఉంది. మా వైపు గోడ ఉంది.

గోడ అవతల ఖాళీ జాగా. కాలనీల చెత్త ఆటోలు పొద్దున్నే అక్కడికొచ్చి కుమ్మరించేవి. పెద్ద లారీ వచ్చి ఎత్తుకెళ్లాలి. అది దాని ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది. మా మొదటి గంట, చివరి ఆటో ఒకేసారి మోగేవి.

పరిసరాల పరిశుభ్రత పాఠం నేను కిటికీలు మూసి చెప్పాను. ఇంతకంటే నా ఉద్యోగం గురించి నేను చెప్పగలిగింది లేదు. పుస్తకంలో బొమ్మ: చెట్టు, పిట్ట, నవ్వుతున్న పిల్లలు. గదిలో ఉక్కపోత, ఈగలు, ముక్కులకు అడ్డం పెట్టుకున్న చొక్కా అంచులు.

ఆ ఆటోల్లో ఒకటి యాదమ్మ, ఆమె భర్త నడిపేవాళ్లు. వాళ్ల కూతురు మౌనిక నా నాలుగో తరగతిలో ఉండేది. ఒకరోజు వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు.

"మౌనికోళ్ల అమ్మనే మన బడికి వాసన తెస్తది!"

క్లాసంతా నవ్వింది. నేను బెత్తం కోసం చూసేలోపే మౌనిక లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి తిరిగింది.

"మా అమ్మ తేదు. మీ ఇంట్లది, వాళ్ల ఇంట్లది, టీచర్ ఇంట్లది తెస్తది. మా అమ్మ మోస్తది, గంతే!"

పాఠంలో ఉన్న వాక్యాలన్నీ పక్కనపెట్టి ఆ రోజు ఆ ఒక్క మాట మీదే మాట్లాడుకున్నాం. ఎవరింట్లోంచి ఏం బయటికి పోతుంది, ఎక్కడికి పోతుంది అని. చివరికి అందరి చెత్తా మా గోడ దగ్గరికే చేరింది, కిటికీ మూసి ఉన్నా.

సాయంత్రం యాదమ్మ కూతురి కోసం వచ్చినప్పుడు నేను అడిగాను: ఇంకోచోట కుమ్మరించలేవా?

"ఏడ పోయమంటరు మేడం?" అంది. "లారీ గీడికే ఒస్తది. నేను ఇంకో తాన పోస్తే నా పని పోతది. పొద్దుగాల ఈడ చెత్త పోసి, ఇంటికి పోయి, గీ పిల్లకు జడలేసి మళ్ల ఈడికే తోలుతున్న. నాకేమన్న ఇష్టమా?"

ఫొటోల సారు

కొత్తగా టీచర్లుగా చేరేవాళ్లు తెలుసుకోవాల్సిన అధికారి ఒకాయన ఉన్నాడు. పేరు రాయను. మండలానికి మా శాఖలో పెద్ద ఆయనే. చెడ్డవాడు కాదు. ఆయనకు మొక్కలంటే ఇష్టం కూడా. కానీ ఆయన కళ్లకు మొక్క కనపడాలంటే అది ఫొటోలో ఉండాలి.

ప్రతి వానకాలం మా బడికి మొక్కలొచ్చేవి. ఆయనొచ్చేవాడు. గోడ దగ్గరున్న గుంతలో ఒక మొక్క పెట్టి, నీళ్లు పోస్తూ ఫొటో దిగేవాడు. మరుసటి ఏడు మళ్లీ అదే గుంత. మొదటి మొక్కను కుప్ప మీదికొచ్చే మేకలు తిన్నాయి, రెండోదాని మీద ఆటో ఎక్కింది, మూడోది కుప్ప కింద పడిపోయింది. గుంత మాత్రం తవ్వి సిద్ధంగా ఉండేది. ఒకసారి అడిగేశాను.

"పోయినేడు పెట్టిన మొక్క ఏదని అడగరేం సార్?"

"పోయినేడు ఫొటో పెట్టిండ్రా లేదా?"

"పెట్టినం సార్."

"మరింకేంది టీచరమ్మా మీ పరేషాన్?"

మా హెడ్మాస్టర్ నర్సింహ సార్ నా కొంగు పట్టుకు లాగినంత పనిచేశాడు. ఆయన మెత్తని మనిషి. ఎవరితోనూ గొడవ వద్దంటాడు. ఎప్పుడు గొడవయ్యేలా ఉన్నా ఆయనకు నడుంనొప్పి వచ్చేది. నేను ఆయన్ని తప్పుపట్టను. కానీ చెప్పేది చెప్పాలి: మొక్కలు నాటిన లెక్క అడిగే అధికారులు చాలామంది, బతికిన మొక్కను చూపించమనే అధికారి నా సర్వీసులో ఒక్కరూ తగల్లేదు.

గోడ మీద దేవుళ్లు

కుప్ప గోడ దాకా పాకి, గోడ దాటి లోపలికి జారడం మొదలయ్యాక బడి కమిటీ సమావేశం పెట్టాం. కమిటీ చైర్మన్ సైదులు ఆటో డ్రైవర్, ఇద్దరు పిల్లల తండ్రి. అవతలి కాలనీ సంఘం అధ్యక్షుడు ప్రసాద్‌గారిని కూడా పిలిచాం. ఆయన రిటైరైన బ్యాంకు ఉద్యోగి, పద్ధతైన మనిషి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. ఆయనే ఉపాయం చెప్పాడు.

"గోడకి దేవుడి బొమ్మల టైల్స్ అతికిద్దామండీ. మన జనానికి భయమూ భక్తీ రెండూ ఉంటాయి. దేవుడి మొహాన ఎవడు చెత్త వేస్తాడు? అన్ని మతాలవీ పెడదాం, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఖర్చు మా సంఘం పెట్టుకుంటుంది."

అందరికీ నచ్చింది. సైదులుకు నచ్చింది, నర్సింహ సార్‌కు మరీ నచ్చింది, నేనూ చెయ్యెత్తాను. ఈ ఊళ్లో సగం గోడలకు అదే కాపలా కదా.

కొద్దిరోజులు గోడ కడిగినట్టుంది. ఆటోవాళ్లు కూడా కొంచెం దూరంగా పోశారు. తర్వాత ఒక పొద్దున్నే గోడ కింద, టైల్స్‌కు ఆనించి, ఒక పాత వెంకటేశ్వరస్వామి పటం కనబడింది. అద్దం పగిలింది. మర్నాడు దాని పక్కన చెయ్యి విరిగిన మట్టి వినాయకుడు. ఆ తర్వాత పాత క్యాలెండర్లు, ఎండిన దండలు, కొబ్బరిచిప్పలు, కలశం కింద పోసిన బియ్యం, చెదలు పట్టిన పూజామందిరం తలుపు.

మాకెవరికీ తట్టని సంగతి ఇది. ఇంట్లో పాతబడిన దేవుడి పటాన్ని చెత్తలో వేయకూడదు, పారే నీళ్లలో వదలాలి. ఊళ్లో అలాంటి నీళ్లెక్కడున్నాయి? అందుకని ప్రతి ఇంట్లో అటక మీద ఒక పటం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇప్పుడు దేవుళ్లున్న గోడ ఒకటి దొరికింది. దేవుణ్ణి దేవుడి దగ్గర వదిలితే తప్పేముంది? చెత్త వేయకుండా ఆపాలని పెట్టిన టైల్స్, అంతకుముందు చెత్త వేయనివాళ్లను కూడా రప్పించాయి.

అంతకంటే ఘోరం, వాటిని ఎత్తేవాళ్లు లేరు. లారీ మీద పనిచేసేవాళ్లు చేతులెత్తి మొక్కి, చుట్టూ ఉన్నది పారతో లాగి, పటాలను అలాగే వదిలేసేవాళ్లు. "అమ్మవారి పటాన్ని పారతోని ఎట్ల గుంజుత మేడం, నాకూ పిల్లలున్నరు" అన్నాడొకాయన. ఆయనదీ నిజమే. దాంతో వాటి చుట్టూ, వాటి కింద, వాటి మీద కుప్ప పెరిగింది. ఎవరో దీపం పెట్టారు. ఇంకెవరో మూతకు చీలిక కోసిన రేకు డబ్బా పెట్టారు. దారినపోయే ముసలాయన ఒకడు చెప్పులు విడిచి దండం పెట్టుకుపోతుంటే మా ఒకటో తరగతి పిల్లాడు కిటికీ ఊచలు పట్టుకుని అడిగాడు:

"టీచర్, చెత్తకు గూడ దండం పెట్టాల్నా?"

విలీనం

ఆ ఏడాదే పిల్లలు తగ్గిపోయారు. ఆటో కొనుక్కున్నవాళ్లు, అప్పు చేయగలిగినవాళ్లు ప్రైవేటు బళ్లకు మార్చారు. నేను వాళ్లనేమీ అనలేదు, దగ్గుతున్న పిల్లను చూస్తూ ఏ తల్లి ఊరుకుంటుంది? మిగిలినవాళ్లు వేరే దారి లేనివాళ్లు. అప్పుడు ఫొటోల సారు వచ్చి, ఈసారి కెమెరా లేకుండా, కబురు చెప్పాడు. పిల్లలు తగ్గారు కాబట్టి బడిని ఎత్తేసి, సాగర్ రోడ్డు అవతలున్న బడిలో కలిపేస్తారు.

"మీకేం నష్టం టీచరమ్మా? దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్ల పోస్టింగ్ ఇప్పిస్త. బస్సుల పడి సచ్చే బాధ తప్పుతది."

నాకు నష్టం లేదు, నిజమే. సాగర్ రోడ్డు ఎరిగినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. లారీలు, బస్సులు, ఇసుక టిప్పర్లు. తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతే దాటే రోడ్డు కాదది. అమ్మానాన్నలు ఇద్దరూ పొద్దున్నే పనికిపోయే ఇళ్లవి. ఆ కబురు విన్న సాయంత్రమే యాదమ్మ నా దగ్గరికొచ్చింది.

"మేడం, బడి ఆడికి పోతే మౌనిక చదువు బందే. దాన్ని ఎవలు దాటిస్తరు? ఆటో మీద మాతోని తోల్కపోత. చెత్త ఏరుడు నేర్సుకుంటది." ఆమె ఏడవలేదు. నా మొహంలోకి చూసి, "గిది నా చేతులతోనే జేసిన మేడం. నా బిడ్డ బడిని నేనే చెత్తల ముంచిన" అంది.

నువ్వు కాదు అన్నాను. మోసినవాళ్లది కాదు తప్పు, ఇది మీ అమ్మాయే మాకు నేర్పిన పాఠం అన్నాను.

ఆ వారం గ్రంథాలయంలో పురపాలక నిబంధనల పుస్తకాలు ముందేసుకున్నాను. ఆ భాష మింగుడుపడడానికి చాలా కష్టపడ్డాను. బడి గోడకు ఆనించి చెత్త పోగు పెట్టుకోవచ్చని నాకు ఏ పేజీలోనూ కనబడలేదు. ఇంకోటి కనబడింది: కాలనీ ప్లానులో పార్కుకని వదిలిన జాగా అందరిదీ. చుట్టూ ఎవరు గేటు పెట్టినా, ఎవరు గడ్డి పెంచినా సరే.

పార్కులో పాఠాలు

తల్లిదండ్రుల మీటింగు బడి వరండాలో జరిగింది. సైదులు అప్పటికే వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నాడు. "పోయినప్పుడల్ల 'చూస్తం, చూస్తం' అంటడు. ఏం చూస్తడో, ఎప్పుడు చూస్తడో!" అన్నాడు. ప్రసాద్‌గారు కూడా వచ్చాడు.

"మీ బాధ అర్థమవుతోందండీ. కానీ చెత్త ఎక్కడో ఒకచోట పొయ్యాలి కదా? మా గేటు ముందు పొయ్యమంటారా?"

వెనక నుంచి యాదమ్మ లేచింది. "మీ గేటు లోపల్నించే తెస్తున్న గద సార్. మీ గేటు ముందల పోస్తే తప్పేంది?"

నవ్వులు లేచాయి. ప్రసాద్‌గారు మొహం ఎర్రబడి లేచి వెళ్లిపోయాడు. ఆ నవ్వుల మధ్యలోనే సైదులు నా వైపు తిరిగాడు. "మేడం, కుప్పను కదిలించనిస్తలేరు. బడినే కదిలిద్దామా? సాగర్ రోడ్డుకు కాదు. గా పార్కుకు." నేను చదివింది అప్పటికే ఆయనకు చెప్పి ఉన్నాను. దాన్ని ఇలా వాడొచ్చని మాత్రం నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పిల్లలు సంచులతో, పలకలతో, ఇద్దరు మోసుకొచ్చిన నల్లబల్లతో కాలనీ పార్కులోకి నడిచారు. "గడ్డి మీద నడవరాదు" అన్న బోర్డు పక్కనే కూర్చున్నాం, నడవలేదు కాబట్టి. నర్సింహ సార్‌కు ఆ రోజు నడుంనొప్పి వచ్చింది. కానీ బడి తాళాలు, నల్లబల్ల, హాజరుపట్టీ ముందురోజే సైదులు చేతిలో పెట్టి మరీ సెలవు పెట్టాడు. పొద్దున నడకకొచ్చే పెద్దవాళ్ల మధ్య మా పిల్లలు ఎక్కాలు గొంతెత్తి చదివారు. ఎవరూ మాకు వినపడలేదని అనడానికి వీల్లేకుండా.

ప్రసాద్‌గారు పరుగున వచ్చాడు. "ఇదేం పనండీ? ఇది మా పార్కు!"

"కాదండీ," అన్నాను, "నిబంధనలు చదువుకున్నాను."

"ఎన్నాళ్లుంటారిక్కడ?"

"కుప్ప ఎన్నాళ్లుంటుందో అన్నాళ్లు."

ఎండ పడింది, చెమట పట్టింది. ఒక్క చిన్నపిల్ల కూడా దగ్గలేదు. తల్లులు వంతులవారీగా వచ్చి కూర్చున్నారు, పని మానుకుని. ఫొటోల సారు జీపులో దిగాడు.

"ఎవరి పర్మిషన్‌తోని బడిని బయటికి తెచ్చిండ్రు? మెమో ఇస్త. ఆ సాగర్ రోడ్డు బడి పెద్దది, మంచిది. అందరూ ఆడికే పోవాలె."

యాదమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. "సరే సారూ. రోజు పొద్దుగాల మీరే ఒచ్చి మా పిల్లల చేయి పట్టుకొని రోడ్డు దాటిస్తరా? సాయంత్రం మళ్ల తోల్కొస్తరా? దాటిస్తనంటే ఇప్పుడే పోతం."

"నేనా?"

"మరెవలు? పొమ్మనేటోళ్లు దాటించాలె గద."

ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు. నాకు మెమో వచ్చింది.

రాజ్యలక్ష్మిగారి లక్ష్మి

పార్కులో నడిచేవాళ్లలో ప్రసాద్‌గారి భార్య రాజ్యలక్ష్మిగారు కూడా ఉండేది. మొదట్లో మమ్మల్ని చూసి మొహం తిప్పుకునేది. తర్వాత నీళ్ల బిందె తెచ్చి పెట్టింది. తర్వాత ఆగి అడిగింది: "మీ బడి అంత దగ్గర్లో ఉండగా ఈ ఎండలో ఎందుకమ్మా?"

"ఒక్కసారి వచ్చి చూడండి" అని తీసుకెళ్లాను.

గోడ దగ్గర ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి, అలా చూస్తూ చూస్తూ, ఒక్కసారిగా ముందుకు నడిచింది. అరటితొక్కల మధ్యలోంచి ఒక పటం లాగింది. చందనపు చెక్క చట్రం, మూలన పసుపు మరకలు.

"ఇది మా అమ్మ ఇచ్చిన లక్ష్మి," అంది. "చెదలు పట్టిందని, నదిలో వదిలొచ్చానని చెప్పారు ఆయన!"

ఆ పటం పట్టుకుని ఆమె తిన్నగా పార్కుకొచ్చింది. ప్రసాద్‌గారు మా పిల్లల్ని పంపించేయమని కాపలావాడికి చెబుతున్నాడు.

"ఏవండీ, ఇదెక్కడ వదిలారు?"

ఆయన ఒకసారి పటాన్ని, ఒకసారి మమ్మల్ని చూశాడు. తప్పించుకోలేదు, అది ఆయన గొప్పతనం.

"వదలడానికే వెళ్లానే. మూసారాంబాగ్ బ్రిడ్జి దాకా వెళ్లాను. కిందికి చూశాను. ఆ మురికినీళ్లల్లో మీ అమ్మ ఇచ్చిన లక్ష్మిని వెయ్యడానికి చెయ్యి రాలేదు. వెనక్కి తెస్తే నువ్వేమంటావోనని... దేవుళ్లున్న గోడ కదా అని అక్కడ పెట్టాను."

"దేవుళ్లున్న గోడ దగ్గర పిల్లలూ ఉన్నారు కదండీ!"

నా సర్వీసులో పర్యావరణం మీద విన్న ఉపన్యాసాల్లో నాకు గుర్తున్నవి తక్కువ. ఈ భార్యాభర్తల మాటలు మాత్రం గుర్తున్నాయి. ఒక పటాన్ని మర్యాదగా వదలడానికి శుభ్రమైన నీళ్లు మిగలని ఊళ్లో, దాన్ని మోసుకుంటూ తిరిగిన మనిషి చివరికి బడి గోడ దగ్గరికే చేరాడు. నదిని పాడుచేసుకున్నాక బళ్లు మాత్రం బాగుంటాయని ఎలా అనుకున్నాం?

ఆ మధ్యాహ్నమే ప్రసాద్‌గారు సైదులును తన స్కూటర్ మీద ఎక్కించుకుని వార్డు ఆఫీసుకు వెళ్లాడు. సైదులు తర్వాత చెప్పిందిది: "అదే ఆఫీసరు, అదే కుర్చీ. నేనొక్కణ్ణి పోతే తల ఎత్తకపోతుండె. ఈయనతోని పోతే చాయ్ దెప్పిచ్చిండు!" అక్కడ కుదిరిన ఏర్పాటు ఇది: లారీ ఇక ఒకే వేళకు రావాలి, కాలనీ వెడల్పు రోడ్డు మీద నిలబడాలి, ఆటోలు నేరుగా అందులోకే ఎత్తాలి, నేల మీద ఏదీ పడకూడదు. ఆ వెడల్పు రోడ్డు ప్రసాద్‌గారి వీధి చివరే. సంఘంలో గొడవైంది. ఆయన తలవంచలేదు.

కుప్ప పోయింది, మేం మా గదుల్లోకి తిరిగొచ్చాం. మిగిలినవి పటాలు. రాజ్యలక్ష్మిగారు, మా తల్లులు, పిల్లలు కూర్చుని అద్దాలు వేరు చేశారు, చట్రాలు వేరు చేశారు. మట్టి విగ్రహాలను బకెట్లలో నానబెట్టారు. కాగితం బొమ్మలను, ఎండిన దండలను గోడ వెంట కందకం తీసి మట్టిలో కప్పారు. "పాపం తగలదా అమ్మా?" అని ఒక తల్లి భయపడితే, "అరటితొక్కల్లో ఉంచినప్పుడు తగలని పాపం మట్టిలో పెడితే తగులుతుందా?" అంది రాజ్యలక్ష్మిగారు. ఆ మట్టి మీద బంతి విత్తులు చల్లింది మౌనిక. పూలతోట అలా పుట్టింది. బోర్డు మీదున్నవాళ్లు పూలు పూశాక వచ్చారు.

నేను రాయని వాక్యం

మెమోకు జవాబుగా ఒక్క వాక్యం రాసిస్తే చాలన్నారు: పొరపాటు జరిగింది, క్షమించగలరు. నర్సింహ సార్ కాగితం, పెన్ను కూడా తెచ్చి ఇచ్చాడు. "ఒక్క లైను మేడం. మీ రిటైర్మెంటు దగ్గర్ల పడ్డది. ఎందుకు పరేషాన్?"

పొరపాటు జరగలేదు కాబట్టి రాయలేదు. పిల్లలు దగ్గకుండా చదువుకోగలిగిన చోట పాఠం చెప్పాను, అది నా ఉద్యోగం అని రాసిచ్చాను. దానికి శిక్షగా ఇంక్రిమెంటు ఆపేశారు. వేసుకోనివ్వండి. ఆ శిక్షతోనే రిటైరయ్యాను. ఈరోజు అడిగినా ఆ వాక్యం రాయను.

విలీనం రద్దయిందని కాగితమేదీ రాలేదు. ఆ ఫైలును ఎవరూ ముందుకు తోయలేదు, అంతే. వెళ్లిపోయిన పిల్లల్లో కొందరు తిరిగొచ్చారు, కొత్తవాళ్లూ చేరారు. బడి ఉంది.

కొత్తగా చేరేవాళ్లకు ఒకటే చెబుతాను. మీకు పుస్తకాల్లో పర్యావరణం ఒక సబ్జెక్టు, తల్లిదండ్రుల సమావేశం వేరే పని అని విడగొట్టి ఇస్తారు. నమ్మకండి. మీ గోడ అవతల ఏముందో అదే మీ సిలబస్. దాని గురించి ముందు మాట్లాడేది చాలాసార్లు మీ క్లాసులోని పిల్లే. వినండి. తర్వాత గ్రంథాలయానికి వెళ్లండి. తర్వాత లేచి నిలబడండి. ఈ మూడిట్లో ఏది మానేసినా మీకు మిగిలేది ఫొటోలే.

వీళ్లకు

బోర్డు మీద లేని పేర్లు ఇక్కడ రాస్తున్నాను.

బడిని కదిలిద్దామన్న సైదులుకు. పని పోతుందని తెలిసీ జీపు ముందు నిలబడ్డ యాదమ్మకు. అటక మీద పెట్టుకోలేక, నదిలో వేయలేక తిప్పలుపడ్డ సంగతి అందరి ముందూ ఒప్పుకుని, చెత్త లారీని తన వీధికే పిలిచిన ప్రసాద్‌గారికి. అమ్మ ఇచ్చిన పటాన్ని తన చేతులతో మట్టిలో పెట్టిన రాజ్యలక్ష్మిగారికి. పుస్తకాల మీద దుమ్ము దులిపిన రహీం సాబ్‌కు. నడుంనొప్పితో ఇంట్లో ఉంటూనే తాళాలు ఇచ్చి పంపిన నర్సింహ సార్‌కు. పటాలను పారతో గుంజనన్న లారీ కార్మికుడు ఎల్లయ్యకు. కూలీ వదులుకుని ఎండలో కూర్చున్న పద్మకు, సత్తెమ్మకు, షాహీన్‌కు.

ఆ గడ్డి మీద కూర్చుని ఎక్కాలు చదివినవాళ్లకు: మౌనికకు, శివకు, అఫ్రోజ్‌కు, లావణ్యకు, చిన్న మల్లేశ్‌కు, పెద్ద మల్లేశ్‌కు, కావ్యకు, భార్గవికి, రాజుకు, అమూల్యకు. వీళ్లంతా ఐదో తరగతి ఇక్కడే పూర్తి చేశారు. వీళ్లలో ఒక్కరు కూడా అక్షరాల కోసం సాగర్ రోడ్డు ఒంటరిగా దాటలేదు.